నల్లచొక్కా, గోధుమచొక్కా, నీలిచొక్కా: అన్నీ ఒకటేనా?

మా గోదావరిఖనిలో పుట్టిన పిల్లలకు 'ఫాసిజం' అనే మాట ఐదో క్లాసు దాటకముందే కంటబడుతుంది. చౌరస్తా దగ్గర, బాయి గేటు ముందు, క్వార్టర్ల కాంపౌండు గోడల మీద ఎర్రరంగుతో రాసి ఉంటుంది. అర్థం తెలియకపోయినా అదేదో మంచిది కాదని, నశించాల్సిందని మాత్రం తెలుస్తుంది. ఇంజనీరింగ్‌కి వచ్చాక చూస్తే ఆ మాట మరీ చవకైపోయింది. అటెండెన్స్ 75 శాతం ఉండాలన్న లెక్చరర్ ఫాసిస్టు. తొమ్మిదింటికి గేటు మూసే వార్డెన్ ఫాసిస్టు. నన్ను పదకొండో బ్యాట్స్‌మన్‌గా పంపిన మా కెప్టెన్ కూడా ఫాసిస్టే (ఈ ఒక్క విషయంలో నాకు అభ్యంతరం లేదు).

ఈ అలవాటు మనతో మొదలైంది కాదు. 1975 ఎమర్జెన్సీ రోజుల్లో ఇందిరాగాంధీని ఫాసిస్టు అన్నవాళ్లు దేశమంతా ఉన్నారు. అదే సమయంలో జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమమే ఫాసిస్టు అని సీపీఐ అన్నది. ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరి మీదా ఒకే మాట విసరగలిగితే, ఆ మాటలో తిట్టు తప్ప ఏమైనా మిగిలిందా? ఈ డౌటుతోనే మొన్న సెమిస్టర్ సెలవుల్లో ఇరవయ్యో శతాబ్దపు ఫాసిస్టు ప్రభుత్వాల గురించి చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఒకటి అర్థమైంది. అవి ఒక కంపెనీ బ్రాంచీల్లాంటివి కావు. ఒకదాన్ని ఒకటి కాపీ కొట్టాయి, ఒకదాన్ని చూసి ఒకటి అసూయపడ్డాయి, కొన్నిసార్లు ఒకదాన్ని ఒకటి చంపుకున్నాయి కూడా.

వాటిని పోల్చడానికి ఒక కొలబద్ద కావాలి. పుస్తకాల్లో నిర్వచనాలు బోలెడున్నాయి గానీ, బొగ్గుబాయి నీడలో పెరిగినవాణ్ని కాబట్టి నాకు తెలిసిన కొలబద్దే తీసుకున్నాను. అధికారంలోకి వచ్చాక కార్మిక సంఘాన్ని ఏం చేశారు? బాయి దిగేవాడి మాట వినడానికి ఏదైనా దారి వదిలారా, లేదా?

ముందు మాట పుట్టుక చూద్దాం. ఇటాలియన్‌లో 'ఫాషో' అంటే కట్ట, మోపు. ప్రాచీన రోములో గొడ్డలి చుట్టూ కర్రలు కట్టిన మోపు అధికారానికి గుర్తు. 1919 మార్చి 23న మిలాన్‌లో ఒక చిన్న హాల్లో ముస్సోలిని తన గుంపును మొదలుపెట్టాడు. అంతకుముందు అతను సోషలిస్టు పత్రిక ఎడిటర్. నల్లచొక్కాలు వేసుకున్న అతని ముఠాలు పల్లెల్లో రైతుకూలీ సంఘాల ఆఫీసులు తగలబెట్టాయి, నాయకులకు బలవంతంగా ఆముదం తాగించాయి. ఆ పనికి డబ్బులిచ్చింది భూస్వాములు. 1922 అక్టోబర్ చివర 'రోమ్ మీదికి దండయాత్ర' అని పెద్ద పేరు పెట్టుకున్నారు గానీ, నిజానికి సైన్యం తలచుకుంటే ఆ గుంపును ఆపడం పెద్ద పని కాదు. రాజు విక్టర్ ఇమ్మాన్యుయేల్ ఎమర్జెన్సీ ఉత్తర్వు మీద సంతకం పెట్టలేదు. ముస్సోలినినే పిలిచి ప్రధానమంత్రిని చేశాడు. ముస్సోలిని రాత్రి రైలెక్కి హాయిగా రోముకు వచ్చాడు.

ఇక్కడే మొదటి పెద్ద తేడా ఉంది. ముస్సోలినికి పూర్తి నియంత కావడానికి మూడేళ్లకు పైగా పట్టింది. 1924 జూన్‌లో సోషలిస్టు ఎంపీ మత్తెయొత్తిని ఫాసిస్టులు ఎత్తుకెళ్లి చంపినప్పుడు ప్రభుత్వం దాదాపు పడిపోయేలా ఊగింది. 1925 జనవరి 3న పార్లమెంటులో నిలబడి, జరిగిందానికంతా బాధ్యత నాదే, ఏం చేస్తారో చేసుకోండి అన్నట్టు మాట్లాడాకగానీ దారి తేటపడలేదు. హిట్లర్‌కు ఇదంతా అక్కర్లేకపోయింది. 1933 జనవరి 30న ఛాన్సలర్ అయ్యాడు. మార్చిలో పార్లమెంటు తన అధికారాలన్నీ చట్టం చేసి మరీ అప్పజెప్పింది. జులై 14కల్లా దేశంలో నాజీ పార్టీ తప్ప ఇంకో పార్టీ ఉండటమే నేరం. ఆరు నెలలు కూడా నిండలేదు. మనకు ఒక సెమిస్టర్ అంత టైము.

ఇంకో తేడా పైన కూర్చున్నవాళ్లలో ఉంది. ఇటలీలో రాజు చివరిదాకా రాజుగానే ఉన్నాడు. అందుకే 1943 జులైలో, యుద్ధం ఓడిపోతున్నామని తేలాక, ఫాసిస్టు పార్టీ సొంత మహామండలే ముస్సోలినికి వ్యతిరేకంగా ఓటేసింది. మర్నాడు రాజు అతన్ని పిలిచి పదవి పీకేసి, బయటికి రాగానే అరెస్టు చేయించాడు. జర్మనీలో అలా పీకేసేవాడు ఎవడూ మిగల్లేదు. 1934 ఆగస్టులో అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ చనిపోగానే ఆ కుర్చీని కూడా హిట్లర్ తన కుర్చీలో కలిపేసుకున్నాడు. సైనికులు దేశం పేరు మీద కాకుండా అతని పేరు మీద ప్రమాణం చేశారు. అందుకే అక్కడ కొందరు ఆఫీసర్లకు 1944 జులైలో సూట్‌కేసులో బాంబు పెట్టడం తప్ప వేరే మార్గం దొరకలేదు. అదీ ఫెయిలైంది.

ఇక సంఘాల సంగతి. దీన్ని కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే ఇక్కడే నాకు ఒళ్లు జలదరించింది.

ఇటలీలో పని దశలవారీగా నడిచింది. 1925 అక్టోబర్‌లో ఫ్యాక్టరీ యజమానుల సంఘం, ఫాసిస్టు సంఘాలు ఒక ఒప్పందం రాసుకున్నాయి: ఇకనుంచి ఒకరినొకరు తప్ప ఇంకెవర్నీ గుర్తించొద్దని. మన భాషలో చెప్పాలంటే 'గుర్తింపు సంఘం' యజమానే ఎంచుకున్నాడు. 1926 ఏప్రిల్ చట్టంతో సమ్మె నేరమైంది. 1927లో 'కార్మిక శాసనం' అని ఆర్భాటంగా ఒకటి ప్రకటించారు. యజమాని, కార్మికుడు ఇద్దరూ దేశమనే ఒకే శరీరంలో అవయవాలట, వాళ్ల మధ్య తగవు ఉండకూడదట. వినడానికి బాగుంటుంది. కాకపోతే ఆ శరీరంలో యజమానుల సంఘం తన మనుషుల్ని తానే పెట్టుకుంది, కార్మిక సంఘానికి మాత్రం నాయకులు పైనుంచి దిగారు. దాంతోపాటే 'పని తర్వాత' అనే అర్థమొచ్చే పేరుతో ఒక సంస్థ పెట్టి ఆటలు, నాటకాలు, సినిమాలు, చవక ట్రిప్పులు నడిపారు. అది జనానికి నిజంగానే నచ్చింది. ఇది మర్చిపోకూడదు. కొట్టి మాత్రమే కాదు, పిక్నిక్‌కు తీసుకెళ్లి కూడా పాలించారు.

జర్మనీలో అంత ఓపిక పట్టలేదు. అక్కడి కార్మిక ఉద్యమం దశాబ్దాలుగా మే ఒకటిని సెలవుగా ప్రకటించమని అడుగుతోంది. ఎవరూ ఇవ్వలేదు. హిట్లర్ ఇచ్చాడు. 1933 మే 1ని జీతంతో కూడిన జాతీయ సెలవు చేశాడు. బెర్లిన్‌లో లక్షల మందితో సభ పెట్టాడు. సంఘాల నాయకులు, పోనీలే మన జోలికి రాడేమో అనుకుని, సభ్యుల్ని కూడా రమ్మన్నారు. మర్నాడు, మే 2 ఉదయం, దేశమంతటా సంఘాల ఆఫీసుల్లోకి గోధుమచొక్కాల దళాలు దిగాయి. నాయకుల్ని పట్టుకెళ్లారు, బ్యాంకు ఖాతాలు, బిల్డింగులు స్వాధీనం చేసుకున్నారు. వారం తర్వాత రాబర్ట్ లై అనేవాడి కింద 'జర్మన్ లేబర్ ఫ్రంట్' పుట్టింది. అందులో కార్మికుడూ సభ్యుడే, ఓనరూ సభ్యుడే. 1934 జనవరి చట్టంలో యజమానికి పెట్టిన పేరు 'సంస్థ నాయకుడు'. కార్మికులు 'అనుచరగణం'. జీతాలు సర్కారు నియమించిన ట్రస్టీలు తేలుస్తారు. బేరమాడటానికి ఎదుటిపక్షమే లేదు.

మేడే రోజు మా దగ్గర ప్రతి బాయి మీదా జెండా ఎగరేస్తారు. నాలుగైదు సంఘాలు, నాలుగైదు జెండాలు, మైకుల్లో ఒకరినొకరు తిట్టుకోవడం, ఎండలో మజ్జిగ ప్యాకెట్లు. చిన్నప్పుడు నాకు ఆ గోల చిరాకుగా ఉండేది. కోల్‌ఫిల్లర్‌గా తట్టా చెమ్మస్ పట్టిన మా తాత మాత్రం ప్రతి సంఘం మీటింగుకూ పోయి, అందరి మాటలూ విని, ఇంటికొచ్చి అందర్నీ తిట్టేవాడు. "ఒక్కడే మాట్లాడితే గది మీటింగ్ కాదు బిడ్డా, మస్టర్" అనేవాడు. అంటే హాజరు పిలవడం అన్నమాట.

బొగ్గు దగ్గరికి వద్దాం. ఇటలీలో బొగ్గు తక్కువ. 1935లో ఇథియోపియా మీద దాడి చేసినందుకు నానాజాతి సమితి ఆంక్షలు పెట్టింది. దాంతో ముస్సోలినికి స్వయంసమృద్ధి పిచ్చి ఇంకా ముదిరింది. సార్డీనియా దీవిలో గంధకం ఎక్కువున్న నాసి బొగ్గు తవ్వడానికి ఏకంగా ఒక కొత్త ఊరే కట్టి, 1938 డిసెంబర్ 18న తనే వచ్చి ప్రారంభించాడు. ఊరి పేరు కార్బోనియా. 'బొగ్గూరు' అన్నట్టు. ఫొటోలు చూస్తే నాకు నవ్వొచ్చింది: వరసగా కంపెనీ క్వార్టర్లు, మధ్యలో చౌరస్తా, సినిమా హాలు, చర్చి. చర్చి తీసేసి గుడి పెడితే మా ఎయిట్ ఇంక్లైన్ కాలనీకి అన్నలా ఉంది. అలాగని కంపెనీ ఊరు కట్టడమే ఫాసిజం అంటే కుదరదు. క్వార్టరిచ్చిన కంపెనీతో కొట్లాడే హక్కు ఆ క్వార్టర్లో ఉండేవాడికి ఉందా లేదా అన్నదే తేడా.

ఆ హక్కు లేనప్పుడు ఏమవుతుందో అప్పటి ఇటలీలోనే ఉన్న ఆర్సియా గని చెప్తుంది (ఇప్పుడది క్రొయేషియాలో ఉంది). 1940 ఫిబ్రవరి 28న బొగ్గుధూళి పేలి 185 మంది చనిపోయారు. మైనింగ్ బ్రాంచి మిత్రులకు తెలుసు, గాలిలో తేలే బొగ్గుధూళి గ్యాసుకంటే ప్రమాదం. అందుకే సున్నపురాయి పొడి చల్లుతారు, నీళ్లు కొడతారు, వెంటిలేషన్ లెక్కలు వేస్తారు. వీటన్నిటికీ ఉత్పత్తి కాసేపు ఆపాలి. ఆపమని అడిగే నోరు సంఘానిది. అది లేదు. యుద్ధానికి బొగ్గు కావాలన్న తొందర మాత్రం ఉంది. మా జీడీకే 7 ఎల్ఈపీలో 2003 జూన్‌లో నీళ్లు ముంచెత్తి 17 మంది పోయారు. ప్రజాస్వామ్యంలో ప్రమాదాలు జరగవని నేను అనడం లేదు. ఆ 17 మందిని మా ఊరు ఇప్పటికీ లెక్కబెట్టి చెప్పగలదు. ఆ లెక్క గురించి మళ్లీ జపాన్ దగ్గర మాట్లాడతాను.

స్పెయిన్ కథ వేరు. అక్కడ ఫాసిస్టు పార్టీ ఉంది, పేరు ఫలాంహె, నీలిచొక్కాలు. కానీ 1936 ఎన్నికల్లో దానికి ఒక్క సీటూ రాలేదు. అధికారం తెచ్చింది పార్టీ కాదు, సైన్యం. జనరల్ ఫ్రాంకో మూడేళ్ల అంతర్యుద్ధం చేసి గెలిచాడు. మధ్యలో 1937 ఏప్రిల్‌లో ఫలాంహెనీ, రాచరికవాదుల్నీ ఒక్క డిక్రీతో కలిపేసి, ఆ కొత్త పార్టీకి తనే నాయకుణ్నని ప్రకటించుకున్నాడు. ఒప్పుకోని ఫలాంహె నాయకుణ్ని జైల్లో వేశాడు. హిట్లర్ పార్టీని నిచ్చెనగా వాడి రాజ్యాన్ని ఎక్కితే, ఫ్రాంకో రాజ్యాన్ని పట్టుకున్నాక పార్టీని మెడలో హారంలా వేసుకున్నాడు. అతనికి కొత్త మనిషిని తయారుచేయాలన్న పూనకం లేదు. చర్చి, భూస్వామి, బ్యారక్స్ ఎక్కడివక్కడ ఉంటే చాలు. జనం రోజూ ఊరేగింపులు తీయాలని అడగలేదు, నోరు మూసుకుని ఇంట్లో ఉంటే చాలన్నాడు. హువాన్ లింజ్ అనే సామాజికశాస్త్రవేత్త 1960లలో ఈ తేడా చూసే, నాజీ రాజ్యాన్ని ఒక రకంగా, ఫ్రాంకో రాజ్యాన్ని ఇంకో రకంగా వర్గీకరించాడు. నాకు ఆ వర్గీకరణ సబబుగానే అనిపిస్తుంది గానీ, వినేవాళ్లు ఫ్రాంకోది మెతక పాలన అనుకునే ప్రమాదం ఉంది. యుద్ధం అయిపోయాక కూడా అతను ఓడినవాళ్లను వేల సంఖ్యలో కాల్చి చంపించాడు.

అక్కడి బొగ్గు ప్రాంతం పేరు అస్టూరియస్. 1934 అక్టోబర్‌లో, ఇంకా రిపబ్లిక్ ఉన్నప్పుడే, గని కార్మికులు డైనమైట్ పట్టుకుని తిరగబడి రెండు వారాలు ఊళ్లను తమ చేతుల్లో ఉంచుకున్నారు. ఆ తిరుగుబాటును మొరాకో నుంచి దళాల్ని రప్పించి అణిచినవాడు ఇదే ఫ్రాంకో. అదే అస్టూరియస్ 1962 ఏప్రిల్‌లో మళ్లీ లేచింది. మియెరెస్ పక్కన నికొలాసా గనిలో మొదలైన సమ్మె లోయలన్నీ పాకింది. సమ్మె నేరం, పత్రికల్లో ఒక్క ముక్క రాదు. అయినా వేల మంది దిగలేదు. సమ్మె తప్పి డ్యూటీకి పోయేవాళ్ల దారిలో ఆడవాళ్లు మొక్కజొన్న గింజలు చల్లారు, మీరు కోళ్లు అని. ఆ ప్రాంతంలో అత్యవసర పరిస్థితి పెట్టినా లొంగలేదు. చివరికి సర్కారీ సంఘానికి అధిపతి అయిన మంత్రి సోలిసే వచ్చి మాట్లాడాల్సి వచ్చింది. బొగ్గు ధర పెంచి కూలి పెంచారు. తర్వాత చాలామందిని పట్టుకెళ్లారు, ఊళ్లనుంచి వెళ్లగొట్టారు. అయినా గెలుపు గెలుపే. నాజీ జర్మనీలో ఇలాంటిది ఊహకు కూడా అందదు.

పోర్చుగల్ ఇంకా వింత. నియంత సలజార్ కొయింబ్రా యూనివర్సిటీలో ఆర్థికశాస్త్రం ప్రొఫెసర్. బాల్కనీ ఉపన్యాసాలంటే ఇష్టం లేదు, లెక్కలంటే ఇష్టం. ఇటలీ కార్మిక శాసనాన్ని చూసి 1933లో తనదీ ఒకటి రాసుకున్నాడు. రహస్య పోలీసుల్నీ పెట్టుకున్నాడు. కానీ దేశంలో అసలు నీలిచొక్కాల ఫాసిస్టులు రోడ్ల మీదికి వస్తే 1934లో వాళ్లనే నిషేధించాడు. వీధిలో గోల చేసే ఏ గుంపూ అతనికి గిట్టదు, తన పక్షం గుంపైనా సరే. ఆస్ట్రియాలో డోల్ఫస్‌ది కూడా ఇలాంటి కథే. 1934 ఫిబ్రవరిలో సోషలిస్టు కార్మికుల మీద ఫిరంగులు పేల్చాడు, జులైలో నాజీల చేతుల్లో తనే చచ్చాడు. అప్పుడు కోపంతో సరిహద్దుకు సైన్యాన్ని పంపింది ఎవరనుకున్నారు? ముస్సోలిని!

రుమేనియాలో పచ్చచొక్కాల 'ఐరన్ గార్డ్' ఉండేది. దేవదూత పేరు పెట్టుకుని, పూజలు, ఊరేగింపులు, హత్యలు అన్నీ కలిపి నడిపింది. 1940 సెప్టెంబర్‌లో జనరల్ అంటోనెస్కుతో కలిసి గద్దెనెక్కింది. నాలుగు నెలలకే ఇద్దరికీ చెడింది. 1941 జనవరిలో గార్డ్ తిరగబడితే హిట్లర్ ఎవరి వైపు నిలబడ్డాడు? జనరల్ వైపు. సిద్ధాంతం కలిసినవాళ్లకంటే చమురుబావులు సజావుగా నడిపేవాడు అతనికి ముఖ్యం.

జాతి విషయానికొస్తే తేడా చాలా లోతైంది. నాజీలకు యూదు ద్వేషం మొదటిరోజు నుంచీ పునాది. ఇటలీలో 1938 దాకా ఫాసిస్టు పార్టీలోనే యూదులు సభ్యులుగా ఉన్నారు. ఆ ఏడాది జాతి చట్టాలొచ్చాయి. దీన్ని పట్టుకుని ముస్సోలిని మంచోడు, హిట్లర్ స్నేహంతో చెడిపోయాడు అనేవాళ్లు ఉంటారు. వాళ్లను లిబియా, ఇథియోపియాల గురించి అడగండి. లిబియాలో పశువుల కాపరుల తెగలను ముళ్లకంచెల శిబిరాల్లో కుక్కింది, ఇథియోపియా పల్లెల మీద విమానాల్లోంచి మస్టర్డ్ గ్యాస్ పోసింది హిట్లర్ స్నేహానికి ముందే. జాతి అహంకారం ఆఫ్రికాలో ఎప్పట్నుంచో పనిచేస్తూనే ఉంది. అయితే ఒక జాతిని చివరి పసిపాప దాకా వెతికి చంపడాన్ని రాజ్యం అసలు పనిగా పెట్టుకున్నది నాజీ జర్మనీ. అందులోనూ బొగ్గు ఉంది. ఆష్విట్జ్ పక్కన ఐజీ ఫార్బెన్ కంపెనీ బొగ్గునుంచి కృత్రిమ రబ్బరు చేసే ఫ్యాక్టరీ కట్టింది. చుట్టుపక్కల గనుల్లోకి ఖైదీలను దించింది. పనిచేయలేనివాణ్ని పక్క శిబిరానికి పంపేవాళ్లు, చంపడానికి. కెమికల్ బ్రాంచి వాళ్లు ఆ కంపెనీ చరిత్ర ఒకసారి చదవాలి. ఆ ప్లాంటు డిజైన్ చేసినవాళ్లు మనలాంటి డిగ్రీలున్నవాళ్లే.

జపాన్‌ను ఫాసిస్టు అనాలా వద్దా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. అక్కడ హిట్లర్ లేడు, అధికారం పట్టిన పార్టీ లేదు. చక్రవర్తి అలాగే ఉన్నాడు, సైన్యం మెల్లగా రాజ్యాన్ని మింగింది. 1940లో పార్టీలన్నీ రద్దయి ఒకే సంస్థలో కలిశాయి, సంఘాలు పోయి 'పరిశ్రమల దేశసేవా సంఘం' వచ్చింది. పేరు కొత్తదే గానీ మనకిప్పుడు కథ తెలిసిందే. నిర్వచనాల సంగతి పక్కనపెట్టి ఒక బాయి చూద్దాం. జపాన్ ఆక్రమణలో ఉన్న మంచూరియాలో హొంకేయికో గని. 1942 ఏప్రిల్ 26న బొగ్గుధూళి పేలింది. మంట ఆర్పడానికి లోపలికి గాలి ఆపేశారు. 1,549 మంది చనిపోయారు, చాలామంది కార్బన్ మోనాక్సైడ్‌కు. ప్రపంచ గని ప్రమాదాల్లో ఇంతకంటే పెద్దది లేదు. మొదట చెప్పిన లెక్క 34. చైనా కూలీల ప్రాణాల లెక్క ఎవరికి కావాలి?

మరి మన దగ్గర? 1940లలో తెలుగువాళ్లకు ఫాసిజం దూరపు మాటేమీ కాదు. 1943లో తెనాలిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన మొదలైన అభ్యుదయ రచయితల సంఘం ఫాసిజాన్ని ఎదిరించడం తన పనిగా చెప్పుకుంది. మన సాహిత్య క్లబ్బులకు అది ముత్తాత లాంటిది. ఇక నిజాం రాజ్యంలో ఆ మాట ఇంటి గడపదాకా వచ్చింది, రజాకార్లతో.

రజాకార్ అంటే స్వచ్ఛందసేవకుడు. ఇత్తెహాదుల్ ముస్లిమీన్ నాయకుడు, లాతూర్ వకీలు ఖాసిం రజ్వీ నడిపిన సాయుధ దళం. యూనిఫారం, కవాతు, ప్రమాణం, నాయకుడి ఉద్రేక ఉపన్యాసం, పోలీసుల పక్కనే నడిచే ప్రైవేటు తుపాకులు: యూరప్‌లో చూసినవన్నీ ఇక్కడ కనిపిస్తాయి. ముస్లింలందరూ పాలకజాతి, నిజాం ఆ అధికారానికి గుర్తు మాత్రమే అన్న సిద్ధాంతం కూడా ఉంది. 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో దాదాపు వంద మందిని చంపారు. అంతకు కొద్దిరోజుల ముందే, రజాకార్లను విమర్శించిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను హైదరాబాద్‌లో నరికి చంపారు. ఆయనా ముస్లిమే. కార్మిక సంఘాలు కట్టిన కవి మఖ్దూం మొహియుద్దీనూ ముస్లిమే. ఈ రెండు పేర్లు తెలియకుండా రజాకార్ల గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు.

అయితే అది ఫాసిస్టు రాజ్యమా? నా లెక్కలో పూర్తిగా కాదు. హైదరాబాద్ రాజ్యానికి అసలు యజమాని పాత రాచరికమే. ఆ నిజాం ప్రపంచయుద్ధంలో హిట్లర్‌కు ఎదురుగా ఉన్నాడు. బ్రిటిష్ వైమానిక దళంలో హైదరాబాద్ పేరుతో ఉన్న స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లతో జర్మన్ విమానాలను కూల్చింది. 1945లో సింగరేణి వాటాల్లో ఎక్కువభాగం కొని దేశంలో మొదటి సర్కారీ బొగ్గు కంపెనీ చేసిందీ నిజాం ప్రభుత్వమే. ఫాసిస్టు పార్టీలకు పెద్ద జనసమూహం కావాలి, మెజారిటీని ఊపేయాలి. రజాకార్లది పాలకుల పక్షాన నిలిచిన మైనారిటీలో పుట్టిన భయం. కార్మికుల్ని, రైతుల్ని తమ సంస్థల్లో నింపుకునే తెలివీ తీరికా వాళ్లకు లేవు. పైగా రజ్వీ పలుకుబడి శిఖరాన ఉన్న 1948 మే నెలలోనే నిజాం ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఎత్తేసింది! బెర్లిన్‌లో ఇది కలలో కూడా జరగదు. దగ్గరి పోలిక వెతికితే నాకు రుమేనియా కనిపిస్తుంది: పాత అధికారం, సాయుధ ఉద్యమం ఒకదాని భుజం మీద ఒకటి చేయి వేసుకుని, ఎవరు ఎవర్ని నడుపుతున్నారో తెలియని స్థితి. సెప్టెంబర్ 13న సైనికచర్య మొదలై 17న ముగియడంతో ఆ కథ అక్కడే ఆగింది. ఆ తర్వాతి రోజుల్లో ముస్లింల మీద జరిగిన ఊచకోతలను సుందర్‌లాల్ కమిటీ లెక్కగట్టి 27 వేల నుంచి 40 వేల మంది అని రాసింది. ఆ నివేదిక దశాబ్దాలు బయటికి రాలేదు. పేరు ఏది పెట్టినా పెట్టకపోయినా, భైరాన్‌పల్లి బురుజు దగ్గర పడ్డ శవం, ఆ తర్వాత మరాఠ్వాడా పల్లెలో పడ్డ శవం బరువులో తగ్గవు.

రాబర్ట్ పాక్స్టన్ అనే చరిత్రకారుడు ఫాసిజాన్ని ఒక ఫొటోలా చూడొద్దు, దశలుగా చూడమంటాడు: ఉద్యమం పుట్టడం, వేళ్లూనడం, అధికారం పట్టడం, దాన్ని నడపడం, ఆ తర్వాత మరీ ముదరడమో చల్లబడటమో. మన థర్మోడైనమిక్స్ భాషలో అది స్టేట్ ఫంక్షన్ కాదు, పాత్ ఫంక్షన్ అన్నమాట. ఏ దారిలో వచ్చిందో తెలియకుండా విలువ చెప్పలేం. ఫలాంహె అధికారం దగ్గర సైన్యం చేతికి చిక్కింది. పోర్చుగల్ నీలిచొక్కాలు రెండో దశలోనే ఆగిపోయాయి. ఇటలీ కొంత చల్లబడి యుద్ధంతో మళ్లీ ముదిరింది. చివరిదాకా ముదిరింది జర్మనీ ఒక్కటే.

ఒక చిన్న విషయంతో ఈ తేడాలన్నీ ఒకేచోట కనిపిస్తాయి. ఈ రాజ్యాలు కార్మికుడి చేతికి ఓటు చీటీ ఇచ్చాయా? ఇటలీలో సంఘం నాయకుణ్ని పైనుంచే వేశారు. జర్మనీలో నాజీలు తమ మీద తమకున్న నమ్మకంతో ప్రతి ఫ్యాక్టరీలో 'విశ్వాస మండలి'కి ఎన్నికలు పెట్టారు. అభ్యర్థుల జాబితా ఒక్కటే, అదీ యజమాని, పార్టీ కలిసి తయారుచేసింది. అయినా 1934లో ఫలితాలు ఎంత ఇబ్బందిగా వచ్చాయంటే వాటిని సరిగా బయటపెట్టలేదు. 1935లో ఇంకోసారి పెట్టి, అంతటితో ఆపేశారు. స్పెయిన్‌లో సర్కారీ సంఘంలోనే కింది స్థాయి ప్రతినిధులకు ఎన్నికలుండేవి. 1957లో హిహోన్ దగ్గర లా కమోచా బొగ్గుగనిలో కార్మికులు తమలో తాము ఒక కమిటీ వేసుకున్నారు. అలాంటి రహస్య కమిటీలు దేశమంతా పాకి, 1966లోనూ 1975లోనూ ఆ సర్కారీ ఎన్నికల్లోనే పోటీచేసి చాలా సీట్లు గెలిచాయి. ఫ్రాంకో ఇల్లు లోపలినుంచే చెదలు పట్టింది.

సింగరేణిలో గుర్తింపు సంఘాన్ని రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకోవడం 1998లో మొదలైంది. నేను కళ్లారా చూసింది 2023 డిసెంబర్ 27న జరిగిన ఎన్నిక. అంతకుముందు రెండుసార్లు, 2012లో, 2017లో గెలిచిన టీబీజీకేఎస్ ఈసారి పోయింది, ఏఐటీయూసీ వచ్చింది. అప్పటికి ఇరవై రోజుల కింద రాష్ట్రంలో అధికారంలోకి వచ్చిన పార్టీకి చెందిన ఐఎన్‌టీయూసీ రెండో స్థానంలో ఆగిపోయింది. ఓట్ల లెక్కింపు అర్ధరాత్రి దాటినా సాగింది. తెల్లారి మొదటి షిఫ్టు మామూలుగానే దిగింది.